అడ్వెంచర్ బండి సొంతంగా నేర్చుకుందాం, 4వ పాఠం: క్రాష్ బార్లో పైపు కాదు, బోల్టు చూడండి

పోయిన పాఠంలో బాష్ ప్లేట్ (ఇంజిన్ అడుగుకి రాళ్ళు తగలకుండా వేసే రేకు) గురించి చెప్పుకున్నాం కదా, చివర్లో బండి కింద పడుకుని ఇంజిన్ చుట్టూ ఫ్రేమ్ బోల్టులన్నీ ఫోటోలు తీయమన్నా. ఇవాళ్టి విషయం క్రాష్ బార్, అంటే బండి పక్కకి పడితే ఇంజిన్‌కి, ట్యాంక్‌కి దెబ్బ తగలకుండా ఫ్రేమ్‌కి బిగించే పైపు. ఆ ఫోటోలు ఇవాళ కావాలి. తీయనివాళ్ళు ముందు తీసుకుని రండి, ఎందుకంటే ఇవాళ్టి పాఠం అంతా ఆ బోల్టుల మీదే నడుస్తుంది.

ఉదాహరణకి రాయల్ ఎన్‌ఫీల్డ్ హిమాలయన్ తీసుకుంటున్నా, 2016లో వచ్చిన 411, 2023 చివర్లో వచ్చిన 450 రెండూనూ. ఎక్స్‌పల్స్, 390 అడ్వెంచర్, వీ-స్ట్రామ్ వాళ్ళు ఫీల్ అవ్వకండి, లెక్క ఒకటే, కొలతలు మీ బండివి వేస్కోండి.

ముందు అసలు బండి ఎలా పడుతుందో చూద్దాం. మనం ఊహించుకునేది ఎప్పుడూ 80లో వెళ్తూ జారిపోవడం, కానీ నిజానికి ఎక్కువసార్లు పడేది నిలబడి ఉన్నప్పుడే. వంజంగి కొండ మీదకి వెళ్ళే దారిలో వాన పడ్డాక ఎర్రమట్టి బురద, మధ్యలో యూటర్న్ కొడదామని ఆపుతారు, కాలు పెట్టిన చోట నేల పల్లంగా ఉంటుంది, 450 అయితే 196 కేజీలు, పైన లగేజీ, ఒకసారి ఒక గీత దాటి వాలిందంటే ఇక ఎవడూ ఆపలేడు, మెల్లిగా పడుకోబెట్టడమే. క్రాష్ బార్ ముఖ్యంగా ఈ పడటానికే. మారేడుమిల్లి నుంచి చింతూరు ఘాట్ దిగుతూ మలుపులో ఇసక మీద జారితే కూడా కొంత కాపాడుతుంది. బండి పల్టీలు కొడితే మాత్రం ఏ బారూ ఏమీ చెయ్యదు, దాని గురించి డబ్బులు ఎక్కువ పెట్టి ప్రయోజనం లేదు.

ఇప్పుడు కర్ర పరీక్ష. ఒక తిన్నటి కర్రో పీవీసీ పైపో తీసుకోండి, ఒక కొన హ్యాండిల్ గ్రిప్ చివర, ఇంకో కొన ఫుట్‌పెగ్ (కాలు పెట్టుకునే కడ్డీ) చివర ఆనించండి. బండి పక్కకి పడినప్పుడు నేల సుమారుగా ఆ కర్ర ఉన్న చోటే ఉంటుంది అనుకోండి. ఇప్పుడు కర్రకి బయటకి పొడుచుకొచ్చేది ఏముందో, దగ్గర దగ్గరగా వచ్చేది ఏముందో చూడండి. ఇంజిన్ కవర్, గేర్ లివర్, బ్రేక్ పెడల్, ట్యాంక్ పక్క, 450లో రేడియేటర్ అంచు. కొనబోయే బార్ కర్రకంటే కాస్త బయటకి రావాలి, అప్పుడే నేలకి ముందు అది తగులుతుంది. కర్ర లోపలే ఉండిపోయే బార్ అందంగా ఉంటుంది అంతే. అలా అని అరచెయ్యంత బయటకి వచ్చేది కూడా వద్దు, ట్రాఫిక్‌లో ఆటోలకి తగులుతుంది, పైగా బయటకి ఎంత ఎక్కువ వస్తే పడ్డప్పుడు ఫ్రేమ్‌ని అంత గట్టిగా మెలితిప్పుతుంది, గునపం పొడుగు పెరిగితే బండరాయి తేలిగ్గా లేస్తుంది కదా, అదే ఇది.

411 వాళ్ళకి ఒక మాట. మీ ట్యాంక్‌కి రెండు పక్కలా కంపెనీ నుంచే కడ్డీలు వస్తాయి, చాలామంది వాటిని చూపించి నాకు క్రాష్ బార్ ఉందిగా అంటారు. అవి ప్రధానంగా జెర్రీ క్యాన్లు, లగేజీ తగిలించుకోడానికి. ట్యాంక్‌ని కొంత కాపాడతాయి కానీ ఇంజిన్ పక్కన ఏమీ చెయ్యవు. 411కి రేడియేటర్ లేదు, ముందు ఆయిల్ కూలర్ ఒకటి ఉంది, కాబట్టి కింది బార్ ఒకటి మంచిది పడితే చాలావరకు పని అయిపోతుంది. 450 లిక్విడ్ కూల్డ్, అంటే ఇంజిన్‌ని చల్లబరిచే కూలెంట్ రేడియేటర్‌లో తిరుగుతుంది. దాంట్లో రేడియేటర్‌కి చిల్లు పడితే ట్రిప్పు అక్కడితో అయిపోయినట్టే, పాడేరు దాటాక రేడియేటర్‌కి మాటు వేసేవాడు ఎక్కడ దొరుకుతాడు చెప్పండి. అందుకే 450కి కింది బార్‌తో పాటు రేడియేటర్ ఎత్తు దాకా వచ్చే పై బార్ కూడా తీసుకోమంటా.

ఇక అసలు విషయం. షాపులో బార్ చూపించగానే మనం ఏం చేస్తాం, పైపుని చేత్తో పట్టుకుని ఊపుతాం, లావుగా ఉంది బాగుంది అంటాం. నేనూ అలాగే చేశా. మొదటి బండికి ఒక వెల్డింగ్ షాపులో చేయించుకున్నా, పైపు ఎంత లావంటే మా మామయ్య చూసి ఏంట్రా గేటు బిగించావా అన్నాడు. పక్కకి రెండేసి బోల్టులు మాత్రమే, ఎడమ కుడి బార్లని కలుపుతూ మధ్యలో ఏమీ లేదు. లంబసింగి దగ్గర టీ తాగి బండి తీస్తుంటే నిలబడ్డ చోటే పడింది. పైపుకి గీత కూడా పడలేదు. కానీ బార్ మొత్తం వెనక్కి తిరిగి ఇంజిన్ కవర్‌కి వచ్చి కొట్టుకుంది, ఫ్రేమ్ మీద బోల్టు పట్టే ముక్క వంగిపోయింది. అంటే ఆ బారే లేకపోతే కవర్ మీద ఓ గీతతో పోయేదేమో. పైపు వంగితే పైపు మార్చుకుంటాం, ఫ్రేమ్ వంగితే ఏం మారుస్తాం?

కాబట్టి చూడాల్సింది ఇది. ఒక్కో పక్కకి కనీసం మూడు చోట్ల పట్టాలి, ఆ మూడూ ఒకే గీత మీద కాకుండా త్రిభుజంలా దూరదూరంగా ఉండాలి, లేకపోతే తలుపు బందు మీద తిరిగినట్టు తిరుగుతుంది. ఎడమ బార్‌నీ కుడి బార్‌నీ ఇంజిన్ ముందు నుంచి కలిపే అడ్డ పైపు ఉండాలి, అప్పుడు దెబ్బ ఒక పక్క పడినా రెండు పక్కలా పంచుకుంటుంది. పట్టేది ఫ్రేమ్‌కో ఇంజిన్ మౌంట్ బోల్టుకో (ఇంజిన్‌ని ఫ్రేమ్‌కి పట్టే బోల్టు) అయ్యుండాలి, ట్యాంక్ బ్రాకెట్‌కో ప్లాస్టిక్ పట్టే క్లిప్పుకో కాదు. మీ ఫోటోలు తీసి పక్కన పెట్టుకుని, కొనబోయే బార్ ఏ ఏ బోల్టుల దగ్గర పడుతుందో వేలు పెట్టి చూపించమని షాపువాణ్ణి అడగండి, చూపించలేకపోతే అక్కడ కొనొద్దు.

ఇంజిన్ మౌంట్ బోల్టు తీసి పొడుగు బోల్టు వేసే రకం అయితే ఆ కొత్త బోల్టు తల మీద ఏం రాసుందో చూడండి, 8.8 అనో 10.9 అనో ఉంటుంది, అది బోల్టు బలం చెప్పే గ్రేడ్. పాత దానికంటే తక్కువ గ్రేడ్ వద్దు. తల మీద ఏమీ లేకపోతే అది ఎక్కడిదో ఎవడికీ తెలీదు, అలాంటిది ఇంజిన్‌ని మోసే చోట పెట్టొద్దు.

ఇప్పుడు పైపు లెక్క, ఇది నాకు చాలా ఇష్టం. వెల్డింగ్ షాపుల్లో మందం ఎంఎంలో అడిగితే గేజ్‌లో చెప్తారు, 16 గేజ్ అంటే సుమారు 1.6 ఎంఎం, 14 గేజ్ అంటే 2 ఎంఎం, నంబర్ పెరిగేకొద్దీ రేకు పలచన. 22 ఎంఎం పైపు 2 ఎంఎం మందంతో తీసుకుంటే మీటరుకి దాదాపు 1 కేజీ తూగుతుంది. 28 ఎంఎం పైపు 1.5 ఎంఎం మందంతో తీసుకున్నా ఇంచుమించు అదే 1 కేజీ. కానీ వంగకుండా నిలబడే బిగువు రెండో దానికి దాదాపు 1.7 రెట్లు, ఎందుకంటే వ్యాసం పెరిగితే బిగువు దాని ఘనంలో పెరుగుతుంది, మందం పెరిగితే మాత్రం బిగువు దాదాపు మందం పెరిగినంతే పెరుగుతుంది. అయితే మరీ పలచటి గోడ రాయి తగిలితే సొట్ట పడుతుంది, సొట్ట పడ్డ చోటే మడత పడుతుంది, కాబట్టి 1.5 కంటే తక్కువకి దిగకండి. నా లెక్కలో 25 ఎంఎం చుట్టుపక్కల, 2 ఎంఎం మందం మన పనికి సరిపోతుంది. నాలుగు మీటర్ల పైపు పడితే నాలుగున్నర కేజీలు, ముందు చక్రం వైపు ఆ బరువు తెలుస్తుంది కూడా.

స్టెయిన్‌లెస్సా మామూలు స్టీలా అని అందరూ అడుగుతారు. పౌడర్ కోటింగ్ వేసిన మామూలు స్టీలు చవక, పడ్డాక వంచి సరిచేసుకోవచ్చు, ఎక్కడైనా వెల్డింగ్ దొరుకుతుంది. కాకపోతే మొదటిసారి పడగానే కోటింగ్ లేస్తుంది, వైజాగ్ కాకినాడ లాంటి సముద్రం ఊళ్ళలో అక్కడి నుంచి తుప్పు మొదలు, హైదరాబాద్ వాళ్ళకి ఇంత బాధ లేదు. స్టెయిన్‌లెస్ కావాలంటే 304 అడగండి. అయస్కాంతం అంటుకోలేదు చూడండి సార్ 304 అని పెట్టి చూపిస్తారు, నమ్మకండి, 202 రకానికి కూడా మామూలుగా అంటుకోదు, అది ఉప్పు గాలికి తొందరగా మరకలు పడుతుంది. బిల్లు మీద గ్రేడ్ రాయించుకోండి.

బిగించే ముందు బార్‌ని ఊరికే ఆనించి కొన్ని చూసుకోవాలి. హ్యాండిల్ రెండు పక్కలా పూర్తిగా తిప్పండి, ఎక్కడా తగలకూడదు. ఒకడు సీటు మీద కూర్చుని ముందు బ్రేక్ పట్టి ఫోర్కుని గట్టిగా నొక్కితే మడ్‌గార్డ్ బార్‌కి ఎంత దగ్గరకి వస్తుందో చూడండి. ఆయిల్ డ్రెయిన్ బోల్టు, ఫిల్టర్ మూత, 450లో కూలెంట్ పోసే మూత, ఇవన్నీ బార్ విప్పకుండా అందాలి, లేకపోతే ప్రతి సర్వీసుకీ మెకానిక్ మిమ్మల్ని తిట్టుకుంటాడు. పెద్ద బూట్లు వేసుకుని గేర్ లివర్ కిందా పైనా ఆడించి చూడండి, కాలు బార్‌కీ ఇంజిన్‌కీ మధ్యలో ఇరుక్కునేంత సందు ఉంటే ఆ మోడల్ వదిలెయ్యండి, బండి కంటే కాలు ఖరీదు.

బార్ చివర నైలాన్ స్లైడర్ ఉంటే మంచిదే, రోడ్డు మీద జారేటప్పుడు లోహం తారులో దిగబడకుండా జారుతుంది. కొక్కెంలా బయటకి వంగిన మూలలు ఉన్న డిజైన్ మాత్రం వద్దు, అవి నేలకి పట్టుకుని బండిని తిప్పేస్తాయి.

చట్టం సంగతి కూడా చిన్నగా. 2017 డిసెంబర్లో కేంద్ర రవాణా శాఖ అనుమతి లేని క్రాష్ గార్డులు, బుల్ బార్ల మీద చర్య తీసుకోమని రాష్ట్రాలకి లేఖ రాసింది, మోటార్ వాహనాల చట్టం 52వ సెక్షన్ కింద. అప్పట్లో గొడవ ఎక్కువ కార్ల ముందు పెట్టే బార్ల మీదే. అయినా ఆపినప్పుడు వాదించుకునే ఓపిక లేనివాళ్ళు బండి కంపెనీ అధికారిక యాక్సెసరీ తీసుకుని బిల్లు ఫోన్లో పెట్టుకోండి, వారంటీ మాటల్లో కూడా అది పనికొస్తుంది.

ఈ వారం ఇంటి పని: కర్ర పరీక్ష రెండు పక్కలా చేసి, కర్రకీ ఇంజిన్ కవర్‌కీ మధ్య దూరం టేపుతో కొలిచి రాసుకోండి. రెండు రకాల బార్ల ఫోటోలు తీసుకుని, ఒక్కోటి మీ ఫ్రేమ్ మీద ఎన్ని చోట్ల పడుతుందో మీ ఫోటోల మీద గుండ్రాలు చుట్టండి. మూడు గుండ్రాలు రానిదాన్ని కొట్టేయండి. ఇంకా డబ్బులు కట్టకండి, వచ్చే పాఠంలో బిగించడం చూస్తాం, జాకీ ఇంజిన్ కింద ఎక్కడ పెట్టాలి, మౌంట్ బోల్టులు ఒకేసారి రెండు ఎందుకు తియ్యకూడదు, అన్నీ వదులుగా ఎక్కించాకే బిగించడం, 100 కిలోమీటర్ల తర్వాత మళ్ళీ స్పానర్ పట్టుకోవడం. టార్క్ రెంచ్ (బోల్టు ఎంత గట్టిగా బిగిస్తున్నామో కొలిచే స్పానర్) ఎవరి దగ్గరైనా ఉంటే ఇప్పుడే అడిగి ఉంచుకోండి.