బెట్టా డల్‌గా ఉందా? మందు వేసేముందు ట్యాంక్ చూడండి

ఫైటర్ ఫిష్ అని కూడా పిలిచే బెట్టా చేప తిండి మానేసినా, తోక చిరిగినా చాలామంది ముందు మందు కోసమే పరుగెడతారు. నేనూ మొదట అదే చేశాను. గుండ్రటి గాజు గిన్నెలో పెంచిన నా మొదటి బెట్టా పట్టుమని రెండు నెలలు బతకలేదు, అదంటే ఇప్పటికీ బాధే. రోగం చేపలో లేదు, గిన్నెలో ఉంది. అందుకే ఏ లక్షణం కనిపిస్తే ట్యాంక్‌లో ఏం చూడాలో రాస్తున్నాను.

రోజంతా అడుగునే పడుకుంటోంది, రెక్కలు ముడుచుకుని ఉంది

ముందు థర్మామీటర్ పెట్టండి. ఇది వెచ్చటి నీళ్ల చేప, 24 నుంచి 28 డిగ్రీలు కావాలి. మూడు నాలుగు లీటర్ల గిన్నెలో నీళ్లు గదితో పాటే వేడెక్కి గదితో పాటే చల్లబడతాయి, తెల్లవారుజామున చూస్తే ఆ చేప గులకరాళ్ల మీద ఒక పక్కకి ఒరిగి, మడిచిన గొడుగులా ఉంటుంది. అంత చిన్న గిన్నెలో హీటర్ పెట్టడానికి చోటుండదు. 20 లీటర్ల ట్యాంక్‌కి థర్మోస్టాట్ ఉన్న 25 వాట్ల హీటర్ మామూలుగా సరిపోతుంది. వేడి నెమ్మదిగా పెరగనివ్వండి, ఒక్కసారిగా పెంచితే అదే ఇంకో దెబ్బ. నీళ్లు తీసేముందు హీటర్ ప్లగ్ పీకడం మర్చిపోవద్దు, నీళ్లలోంచి బయటపడితే దాని గాజు పగలొచ్చు.

మొప్పలు ఎర్రబడ్డాయి, మాటిమాటికీ పైకొచ్చి గాలి మింగుతోంది

అప్పుడప్పుడూ పైకి రావడం మామూలే. మొప్పలతో పాటు బయటి గాలి పీల్చుకునే ప్రత్యేకమైన అవయవం దీనికి ఉంది, అందుకే 'బెట్టాకి గిన్నె చాలు' అనే మాట పుట్టింది. గాలి పీల్చగలదు, నిజమే. కానీ తన వ్యర్థాల నుంచి వచ్చే అమ్మోనియాని మాత్రం తట్టుకోలేదు. ఒకే చేప వదిలే వ్యర్థం 20 లీటర్లలో కలిసినదానికంటే 4 లీటర్లలో ఐదు రెట్లు చిక్కగా ఉంటుంది, లెక్క అంతే.

నీళ్లని పరీక్షించే టెస్ట్ కిట్‌లో అమ్మోనియా, దాన్నుంచి వచ్చే నైట్రైట్ రెండూ సున్నా రావాలి. రాలేదంటే వెంటనే మూడో వంతు నుంచి సగం దాకా నీళ్లు మార్చండి, కొత్త నీళ్లలో క్లోరిన్ పోగొట్టే మందు కలిపి, పాత నీళ్లంత వెచ్చగా ఉన్నాయో లేదో చూసి పోయండి. ఇది ఆ పూటకి ప్రాణం నిలబెట్టడమే. అసలు పరిష్కారం ఎయిర్ పంప్ గాలితో నడిచే స్పాంజ్ ఫిల్టర్ ఉన్న పెద్ద ట్యాంక్. అమ్మోనియాని నైట్రైట్‌గా, నైట్రైట్‌ని నైట్రేట్‌గా మార్చే బ్యాక్టీరియా ఆ స్పాంజ్‌లో స్థిరపడటానికి సాధారణంగా నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది, ఆ లోపు తరచూ టెస్ట్ చేస్తూ ఉండాల్సిందే. స్పాంజ్‌ని కుళాయి కింద కడిగితే క్లోరిన్ తగిలి ఆ బ్యాక్టీరియా చస్తుంది. ట్యాంక్‌లోంచి తీసిన నీళ్లలోనే పిండండి.

కొనేటప్పుడు పెట్టె మీద రాసిన లీటర్లు నమ్మి ఊరుకోకండి. పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి 1000తో భాగిస్తే లీటర్లు వస్తాయి. 40 పొడవు, 25 వెడల్పు, 25 ఎత్తు ఉన్న ట్యాంక్‌లో నీళ్లు 21 సెంటీమీటర్ల దాకా పోస్తే 21 లీటర్లు. నన్నడిగితే బెట్టాకి ఇంతకంటే చక్కటి కొలత లేదు.

తోక చిరుగుతోంది, లేదా ఒక మూలకి కొట్టుకుపోతోంది

చిరుగుని దగ్గరగా చూడండి. తెగినట్టు శుభ్రంగా ఉంటే ఏదో గుచ్చుకుంది, ప్లాస్టిక్ మొక్కలు తీసేసి పట్టులాంటివో నిజమైనవో పెట్టండి. మొక్కని పాత నైలాన్ గుడ్డ మీద రుద్దినప్పుడు పోగు లేస్తే అది తోకనీ చింపుతుంది. అంచు నల్లబడి లేదా ఎర్రబడి రోజురోజుకీ కరిగిపోతుంటే అది ఫిన్ రాట్, అంటే రెక్కలు కుళ్లే జబ్బు, అప్పుడు ముందు నీళ్లు బాగుచేయాలి, తగ్గకపోతేనే మందు.

కొట్టుకుపోతుంటే ఫిల్టర్ ధార ఎక్కువైంది. అంత పొడుగు రెక్కలు మోసుకుంటూ ఎదురీదడం దానికి నరకం. ఎయిర్ పంప్ గొట్టానికి వాల్వ్ పెట్టి గాలి తగ్గించండి. నిలువుగా ఎత్తుగా ఉండే ట్యాంక్ కూడా వద్దు, గాలి కోసం ప్రతిసారీ అంత ఎత్తు ఎక్కాలి. పొడవు ఎక్కువ, ఎత్తు తక్కువ ఉన్నదే మేలు.

గాజు వెంబడి అటూ ఇటూ పరుగులు, మొప్పలు విప్పి కోపం

గాజులో తన నీడనే ఇంకో మగ చేప అనుకుంటోంది. వెనకవైపూ పక్కలకీ కాగితం అంటించి, లైటు రోజుకి ఎనిమిది గంటలకి తగ్గించండి. మధ్యలో గాజు పలక పెట్టి రెండు మగ చేపల్ని ఉంచే ట్యాంకులు నాకు అస్సలు నచ్చవు, పగలంతా ఒకదాన్ని చూసి ఒకటి టెన్షన్ పడుతూ అలసిపోతాయి.

పొద్దున్న చూస్తే చేప నేలమీద ఉంది

మూత లేదు. బెట్టా దూకుతుంది. మూత పెట్టండి, నీళ్లకీ మూతకీ మధ్య మూడు నాలుగు సెంటీమీటర్లు ఖాళీ వదలండి.

చేపని కొత్త ట్యాంక్‌కి మార్చే రోజు దాన్ని పాత నీళ్లతో ఒక కప్పులో ఉంచి, కప్పుని కొత్త నీళ్లలో తేలేలా పెట్టి, అరగంటపాటు కొద్దికొద్దిగా కొత్త నీళ్లు కలుపుతూ వదలండి. ఆ రోజు తినకపోయినా కంగారు పడకండి, లైటు ఆపేసి దాని మానాన దాన్ని వదిలేయండి.