లైంగిక సర్వే పాఠాలు – 4: ప్రశ్న రాయడం, నిజం రాబట్టడం

పోయిన పాఠంలో ఎవరిని అడగాలో చూశాం. అమెరికాలో లైంగిక ప్రవర్తన మీద పరిశోధన చేసిన కిన్సీ బృందం వేల మందిని ఇంటర్వ్యూ చేసి 1948లో లెక్కలు ప్రచురించినా, వాళ్లు యాదృచ్ఛికంగా ఎంపికైనవాళ్లు కారు. అందుకే ఆ శాతాలు అమెరికా మొత్తానికి వర్తించవు. ఇప్పుడు ఏం అడగాలి, ఎలా అడగాలి అన్నది చూద్దాం. శాంపిల్ ఎంత బాగా కుదిరినా, ప్రశ్న వంకరగా ఉంటే పడ్డ శ్రమంతా వృథా.

ఈ ప్రశ్న చూడండి: "మీకు అసాధారణమైన లైంగిక అలవాట్లు ఉన్నాయా?" "అసాధారణం" అనగానే తీర్పు చెప్పేశాం, అవతలివాళ్లు ముడుచుకుపోతారు. "అలవాటు" అన్నాం కాబట్టి ఒకటి రెండుసార్లు చేసినవాళ్లు లేదనే అంటారు. ఎప్పటి సంగతో అసలు అడగనే లేదు. దీన్ని ఇలా తిరగరాయండి: "గత 12 నెలల్లో, ఇద్దరి ఇష్టంతోనే, శృంగారంలో భాగంగా భాగస్వామి చేతులు కట్టడం గానీ, మీ చేతులు కట్టించుకోవడం గానీ చేశారా?" పేరు పెట్టకుండా, చేసే పనిని చెప్పాం. "బాండేజ్" అని రాస్తే ఆ మాట తెలియనివాళ్లు కొందరు, తెలిసినా "మేం చేసేది అది కాదులే" అనుకునేవాళ్లు కొందరు జారిపోతారు.

ఒక్కో చర్యకు మూడు ప్రశ్నలు విడివిడిగా ఉండాలి: ఆసక్తి ఉందా, జీవితంలో ఎప్పుడైనా చేశారా, గత 12 నెలల్లో చేశారా. కెనడాలోని క్యూబెక్‌లో 1,040 మంది పెద్దవాళ్ల మీద చేసి 2017లో ప్రచురించిన సర్వేలో, మామూలుగా "విపరీతం" అని ముద్రపడే కోరికల్లో కనీసం ఒకదాని మీద ఆసక్తి ఉందన్నవాళ్లు దాదాపు సగం. ఒక్కసారైనా చేశామన్నవాళ్లు మూడోవంతు. అడిగింది అదే జనాన్ని, అంకెలు మాత్రం రెండు. ఏ ప్రశ్నకు వచ్చిన జవాబో చెప్పకుండా శాతం ఒక్కటే రాయడం చదివేవాళ్లను తప్పుదారి పట్టించడమే.

"చెప్పడం ఇష్టం లేదు" అన్న గడి తప్పకుండా పెట్టండి. దాన్ని "లేదు"లో కలిపేయకండి.

ఇక గోప్యత. బ్రిటన్‌లో 2010–12 మధ్య 15,162 మందితో జరిగిన నాట్సల్ (ఆ దేశపు జాతీయ లైంగిక సర్వే) మూడో విడతలో సున్నితమైన ప్రశ్నలకు జవాబులను వాళ్లే కంప్యూటర్‌లో నింపారు. నింపడం అయిపోగానే ఆ భాగానికి తాళం పడిపోయేది, ఇంటర్వ్యూ చేసినవాళ్లకు కూడా కనిపించేది కాదు. గదిలో భార్యో, భర్తో ఉంటే మొదలుపెట్టకండి, ఇంకోరోజు వెళ్లండి.

దాచడం ఒక్కటే కాదు, పొరపాటున టిక్ పెట్టడం కూడా ముంచుతుంది. వెయ్యిమందిలో నిజంగా చేసినవాళ్లు 20 మంది అనుకోండి. మిగిలిన 980 మందిలో నూటికి ఒకరు చూసుకోకుండా "అవును" నొక్కితే ఇంకో 10 మంది చేరతారు. 2 శాతం కాస్తా 3 అవుతుంది. అరుదైన చర్యలకు ఈ దెబ్బ మరీ ఎక్కువ. అందుకే "అవును" అన్నవాళ్లను కాసేపయ్యాక ఇంకో రూపంలో మళ్లీ అడగాలి.

మరీ చెప్పలేని విషయమైతే పాచిక వాడొచ్చు. ఈ తరహా పద్ధతికి 1965లో వార్నర్ అనే గణాంక శాస్త్రవేత్త దారి చూపాడు. జవాబిచ్చేవాళ్లు ఎవరికీ చూపించకుండా పాచిక వేస్తారు. 1 పడితే "అవును" అనాలి, 6 పడితే "లేదు" అనాలి, 2 నుంచి 5 దాకా ఏది పడినా నిజం చెప్పాలి. 600 మందిలో 132 మంది "అవును" అన్నారనుకుందాం. అందులో సుమారు 100 పాచిక చెప్పించినవే. మిగిలిన 32ను నిజం చెప్పాల్సిన 400 మందితో భాగిస్తే 8 శాతం.

దీనికి చెల్లించాల్సిన మూల్యం పెద్దదే. నేరుగా అడిగి 8 శాతం వస్తే, 600 మందికి పొరపాటు అవకాశం అటూ ఇటూ 2.2 పాయింట్లు. పాచికతో అయితే 5. అంత కచ్చితత్వమే కావాలంటే ఐదింతల మందిని అడగాలి. పైగా 1 పడ్డా "అవును" అనడానికి మనసొప్పక "లేదు" అనేవాళ్లుంటారు. 600 మందిలో "అవును"లు 100 కన్నా బాగా తగ్గాయంటే జరుగుతున్నది అదేనని అనుమానించాలి. అందుకే జవాబిచ్చేవాళ్లందరికీ ముందుగా రెండు మూడుసార్లు ఉత్తుత్తి ప్రశ్నతో, ఉదాహరణకు ఫలానా నెలలో పుట్టారా అని అడిగి, సాధన చేయించండి.

అభ్యాసం: ఇదే పద్ధతిలో 900 మందిని అడిగితే 186 "అవును"లు వచ్చాయి. శాతం కట్టండి. 6 రాకపోతే, పాచిక చెప్పించిన 150ను తీసేశారో లేదో చూసుకోండి.