7,500 అడుగుల ఎత్తులో సొంత తోట, సొంత తిండి: మొదటి ఏడాది ఎలా మొదలుపెట్టాలి?

అమెరికాలో కొలరాడో రాష్ట్రంలోని శాన్ లూయిస్ లోయ సముద్రమట్టానికి 7,500 అడుగుల పైన ఉంటుంది. భూమి చవక కాబట్టి, తమ తిండి తామే పండించుకుందామని పిల్లాపాపలతో అక్కడికి వెళ్లే కుటుంబాలున్నాయి. డెన్వర్ వైపున్న మనవాళ్లెవరికైనా ఆ ఆలోచన ఉంటే, పనులు ఈ వరసలో పెట్టుకోండి.

1. స్థలం కంటే ముందు నీళ్లు

కొండలు చూసి మురిసిపోయి అడ్వాన్స్ ఇచ్చేయకండి. లోయ మధ్యలో వాన, మంచు అన్నీ కలిపినా ఏడాదికి 7 అంగుళాలే. పైగా భూమి మీదైనంత మాత్రాన కింది నీళ్లు మీవి కావు. బోరుకు రాష్ట్రం పర్మిట్ ఇవ్వాలి. 35 ఎకరాల లోపు స్థలాలకు చాలావరకు ఇంటి లోపలి వాడకానికే ఇస్తారు. అంటే ఆ నీళ్లతో వండుకోవచ్చు, స్నానం చేయొచ్చు. గుమ్మం బయట టమాటా మొక్కకు మాత్రం ఒక చెంబు కూడా పోయకూడదు! తోట కోసమే వెళ్లిన కుటుంబానికి ఇంతకంటే పెద్ద దెబ్బ లేదు. పర్మిట్‌లో ఏం రాసుందో చదివాకే బేరమాడండి. 2016 చట్టం ప్రకారం ఇంటి కప్పు మీది వాననీటిని రెండు పీపాల్లో, మొత్తం 110 గాలన్ల దాకా పట్టుకోవచ్చు. అది నారుకు సాయపడుతుంది, తోటకు చాలదు.

2. మొదటి చలికాలం

జనవరి రాత్రులు మైనస్ 20 డిగ్రీల సెల్సియస్ దగ్గరికి పడిపోవడం మామూలే. ఇల్లు పూర్తికాకపోతే ఆ చలికాలం ఊళ్లో అద్దెకుండండి. పిల్లలతో మొండిపట్టు వద్దు.

3. మూడు నెలల సాగు

జూన్ మొదట్లో కూడా మొక్కలు మంచుకు మాడిపోవచ్చు, సెప్టెంబర్ రాగానే మళ్లీ అదే భయం. ఆరుబయట బంగాళాదుంప, బఠానీ, క్యారెట్, పాలకూర వేయండి. పగటి ఎండ, రాత్రి చలి బంగాళాదుంపకు బాగా కలిసొస్తాయి, ఆ లోయకు పేరు తెచ్చిన పంట కూడా అదే. మిర్చి, టమాటా, గోంగూరలకు ప్లాస్టిక్ షీటు కప్పిన పాలిహౌస్ తప్పదు. నారు ఏప్రిల్‌లో ఇంట్లోనే పోసుకోండి.

4. వంట, నిల్వ

అక్కడ నీళ్లు 92 డిగ్రీలకే మరుగుతాయి. కుక్కర్ లేకుండా కందిపప్పు ఉడకాలంటే ఓపిక కావాలి. అసలు జాగ్రత్త సీసాల్లో నిల్వచేసేటప్పుడు. బీన్స్, మాంసం లాంటివి మరిగే నీళ్లలో ఉంచితే బోటులిజం క్రిములు చావవు. అవి సీసాలో తయారుచేసేది ప్రాణం తీసే విషం. నిల్వకోసమే చేసిన ప్రెషర్ క్యానర్ కొనండి. ఒత్తిడి కోసం మూతమీద బరువు పెట్టే రకమైతే ఆ ఎత్తులో 15 పౌండ్ల ఒత్తిడి ఉండాలి. టైమ్ తగ్గించకండి.

5. కోళ్లు

గూటికి పైభాగంలో గాలి ఆడే సందు వదలండి. లోపల తేమ నిలిస్తే తలమీది తురాయి చలికి నల్లబడిపోతుంది. మేకల సంగతి రెండో ఏడాది చూసుకోవచ్చు.