జనం పలచగా ఉండే వేళ చూసుకుని బయటికి వెళ్లడం ఎలా

రద్దీ పడని వాళ్లకి చుట్టూ ఉన్నవాళ్లు ఇచ్చే సలహా దాదాపు ఒకటే ఉంటుంది: "నాలుగు సార్లు వెళ్తే అదే అలవాటవుతుంది." కొందరికి అవుతుందేమో గానీ అందరికీ కాదు. గంటసేపు జనం మధ్య తిరిగొచ్చాక మిగతా రోజంతా తల బరువెక్కిపోయి, ఇంట్లోవాళ్లు ఏమడిగినా ముక్తసరిగా జవాబిచ్చి ఓ మూల కూర్చునే వాళ్లు ఉంటారు, నాదీ అదే తీరు. మనుషులంటే గిట్టక కాదు. ఒకేసారి అన్ని గొంతులు, అంత వెలుతురు, మీద మీదకి వచ్చే భుజాలు, వీటన్నిటినీ తట్టుకోవడానికే ఒంట్లో ఓపిక అంతా అయిపోతుంది, వెళ్లిన పని మీద పెట్టడానికి ఏమీ మిగలదు. ఇలాంటి వాళ్లు బయటికి వెళ్లడమే తగ్గించుకుంటూ పోతుంటే నాకు బాధేస్తుంది, ఎందుకంటే వాళ్లని ఇబ్బంది పెట్టేది చాలాసార్లు ఆ టైమే గానీ ఆ చోటు కాదు. అదే షాపుకి, అదే పార్కుకి, అదే సినిమా హాలుకి కాస్త ముందో వెనకో వెళ్తే హాయిగా తిరిగి రావచ్చు.

మరి ఎంత ముందు, ఎంత వెనక అంటే, మీరు అనుకుంటున్నంత అక్కర్లేదు. తెల్లారుజామునే లేచి పరుగెత్తే పని లేదు. ఇక్కడ చిన్న లెక్క చెప్తాను, ఇది అర్థమైతే మిగతాదంతా మీరే చూసుకోగలరు. ఒకే కౌంటర్ ఉంది, ఒక్కో మనిషికి సగటున 2 నిమిషాలు పడుతుంది అనుకుందాం. ఆ కౌంటర్‌లో మనిషి సగం టైము ఖాళీగా ఉండే వేళ మీరు వెళ్తే, క్యూల లెక్కల్లో వాడే మామూలు సూత్రం ప్రకారం సగటున 2 నిమిషాలు ఆగితే చాలు. 80 శాతం టైము పనిలో ఉండే వేళ వెళ్తే 8 నిమిషాలు. 90 శాతానికి చేరితే 18, 95 అయితే 38. చూశారా, 80 నుంచి 90కి జనం పెరిగింది కొంచెమే, ఆగాల్సిన టైము మాత్రం రెట్టింపు దాటింది. అంటే రద్దీ బాగా ఉండే ఆ ఒకటి రెండు గంటల నుంచి పక్కకి తప్పుకుంటే చాలు, దక్కాల్సిన లాభంలో ఎక్కువ భాగం అక్కడే దక్కుతుంది.

చప్పుడు కూడా ఇలాగే ఒకదాని మీద ఒకటి పెరుగుతుంది. చుట్టూ గోల ఉంటే మనం తెలియకుండానే గొంతు పెంచుతాం, దాన్ని దాటి వినిపించాలని పక్క టేబుల్ వాళ్లు ఇంకాస్త పెంచుతారు. ఎటియెన్ లొంబార్డ్ అనే ఫ్రెంచ్ డాక్టర్ 1911లోనే దీని గురించి రాశాడు, ఆయన పేరుతోనే దీన్ని లొంబార్డ్ ఎఫెక్ట్ అంటారు. అందుకే సగం టేబుళ్లు నిండిన హోటల్లో నింపాదిగా మాట్లాడుకోగలం, మొత్తం నిండితే ఎదురుగా కూర్చున్న మనిషి మాట కూడా వినపడదు.

ఖాళీ వేళ ఎప్పుడో కనిపెట్టడం

గూగుల్ మ్యాప్స్‌లో ఏదైనా చోటు పేరు కొట్టి కిందికి జరిపితే, ఏ రోజు ఏ గంటకి ఎంతమంది ఉంటారో నిలువు గీతల్లో కనిపిస్తుంది. ఇది 2015 నుంచి ఉంది, మరుసటి ఏడాది నుంచి "ఇప్పుడు ఎలా ఉంది" అన్నదీ కొన్ని చోట్లకి చూపిస్తున్నారు. చాలామంది దీన్ని తప్పుగా చదువుతారు. ఆ గీతలు ఆ చోటుకి ఆ వారంలో ఎక్కువ జనం వచ్చే గంటతో పోల్చి గీసినవి, మనుషుల లెక్క కాదు. చిన్న మందుల షాపులో నిండుగా కనిపించే గీతకి, పెద్ద మాల్‌లో సగం కనిపించే గీతకి పోలిక పెట్టకూడదు, ఆ సగం గీతలోనే వందల మంది ఉండొచ్చు. ఒకే చోటులో ఏ గంట మేలో తెలుసుకోవడానికే దాన్ని వాడండి. పైగా అవి మామూలు వారాల తీరు చూపిస్తాయి, సెలవులొస్తే లెక్క మారిపోతుంది.

దీనికంటే నేను ఎక్కువ నమ్మేది అక్కడ పనిచేసే వాళ్లని. "మీకు ఏ టైములో ఖాళీగా ఉంటుందండీ?" అని అడిగితే ఎవరూ విసుక్కోరు, సంతోషంగానే చెప్తారు, ఎందుకంటే రద్దీ వేళ వాళ్లకీ కష్టమే. ఫోన్‌లో అడిగినా చెప్తారు. మ్యాప్‌లో తెలియనివి కూడా వాళ్ల దగ్గర తెలుస్తాయి: సరుకు దించే వేళ, స్కూలు పిల్లలు గుంపుగా వచ్చే రోజు, షిఫ్టు మారేటప్పుడు కౌంటర్లు సగం మూసేసే అరగంట.

ఇక ఒక్కో చోటు సంగతి. షాపులకైతే వారం మధ్యలో, తలుపు తీసిన గంట లోపల వెళ్లడం మంచిది. ఆఫీసులు వదిలే వేళ, జీతాలు పడిన వెంటనే వచ్చే శని ఆదివారాలు వదిలేయండి. మూసే ముందు కూడా పలచగానే ఉంటుంది కానీ, ఆఖరి పది నిమిషాల్లో దూరి రోజంతా నిలబడి అలసిపోయిన వాళ్లని ఇంకా నిలబెట్టడం నాకు సరైన పని అనిపించదు. కనీసం అరగంట చేతిలో ఉంచుకుని వెళ్లండి. కొన్ని దేశాల్లో సూపర్ మార్కెట్లు ఇలాంటి వాళ్ల కోసమే కొంత టైము కేటాయిస్తున్నాయి. ఆస్ట్రేలియాలో కోల్స్ 2017లో, బ్రిటన్‌లో మారిసన్స్ 2018లో ఇలాంటి గంట మొదలుపెట్టాయి, ఆ సేపు పాటలు ఆపేస్తారు లేదా సౌండ్ బాగా తగ్గిస్తారు, లైట్లు తగ్గిస్తారు. ఆటిజం ఉన్నవాళ్లని దృష్టిలో పెట్టుకుని వచ్చినవి ఇవి, కానీ మిగతావాళ్లూ వెళ్లొచ్చు. మీరుండే చోట ఇలాంటిది లేకపోతే మేనేజర్‌ని అడిగి చూడండి, పాట సౌండ్ తగ్గించడానికి డబ్బేం ఖర్చు కాదు కదా.

డాక్టర్ దగ్గరికైతే రోజులో మొదటి అపాయింట్‌మెంట్ అడగండి. ఒక్కో పేషెంట్ దగ్గర ఐదు నిమిషాలు ఆలస్యమైతే అది తర్వాతి వాళ్లందరి మీదా పేరుకుంటుంది, మధ్యాహ్నానికి హాలు నిండిపోతుంది. మొదటిది దొరక్కపోతే భోజనం బ్రేక్ తర్వాతది చూడండి. అదీ కుదరకపోతే "నేను బయట ఉంటాను, నా వంతు వచ్చేముందు ఫోన్ చేస్తారా?" అని రిసెప్షన్‌లో అడగొచ్చు, చాలాచోట్ల ఒప్పుకుంటారు. విమానాలకీ ఇదే సూత్రం, పొద్దున్నే బయల్దేరే వాటికి వెనకటి ఆలస్యాలు తగులుకోవు కాబట్టి ఎయిర్‌పోర్టులో గంటల తరబడి ఇరుక్కునే అవకాశం తక్కువ.

రైళ్లు, మెట్రోల్లో అందరూ మెట్ల దగ్గర దిగిన చోటే నిలబడి ఎదురుగా వచ్చిన పెట్టెలోకే ఎక్కేస్తారు. ప్లాట్‌ఫామ్ చివరిదాకా నడిస్తే తేడా మీకే కనిపిస్తుంది. ఇంకో సంగతి, వెంటవెంటనే వచ్చే సర్వీసుల్లో ఒకటి బాగా ఆలస్యమైతే, ఆ సేపట్లో పోగైన జనమంతా అందులోనే ఎక్కుతారు, దాని వెనకే వచ్చేది ఖాళీగా వస్తుంది. కాబట్టి కిక్కిరిసి వచ్చినదాన్ని వదిలేయండి.

హోటల్లో వేళ ఎంత ముఖ్యమో కుర్చీ అంతే ముఖ్యం. వంటగది తలుపు, చేతులు కడుక్కునే చోటు, స్పీకర్, ఈ మూడింటికీ దూరంగా, వీపు గోడకి ఆనే కుర్చీ. కదలికలు చూస్తే తల తిరిగేవాళ్లు మాత్రం గోడ వైపు మొహం పెట్టి కూర్చోవడమే మేలు, ఏది హాయిగా ఉంటుందో రెండూ చూసి తేల్చుకోండి. సినిమాకైతే విడుదలైన వారం దాటాక, పనిదినాన పగటి ఆట. జిమ్‌కి జనవరిలో చేరకండి, అంతే. మ్యూజియం వారంలో ఒకరోజు మూసి ఉంటే, దాని ముందు రోజూ తర్వాతి రోజూ మామూలు కంటే జనం ఎక్కువ ఉండే అవకాశం ఉంది. పార్కుల్లో తెల్లవారే వాకింగ్ వాళ్ల రద్దీ ఉంటుంది, వాళ్లు వెళ్లిపోయి ఎండ ముదరకముందు ఒక మంచి గంట దొరుకుతుంది. చినుకులు పడ్డ రోజులు కూడా మనవే, గొడుగు ఉంటే చాలు.

ఒక జాగ్రత్త మాత్రం గట్టిగా చెప్పాలి. జనం తక్కువ ఉండటం వేరు, ఎవరూ లేకపోవడం వేరు. రాత్రి పొద్దుపోయాక ఖాళీ పార్కింగ్, చీకటి దారి, మనుషులే లేని రైలు పెట్టె, వీటిని ప్రశాంతత అనుకోకండి. నలుగురైనా కనిపించే చోటు ఎంచుకోండి, ఎక్కడికి వెళ్తున్నారో ఇంట్లో ఒకరికి చెప్పండి.

తప్పించుకోలేని రద్దీ

పెళ్లిళ్లు, ఫంక్షన్లు, పిల్లల స్కూల్ కార్యక్రమాలు మనకి అనువైన వేళకి జరగవు. వీటికి అందరికంటే ముందు వెళ్లండి. నిండిపోయిన హాల్లోకి అడుగుపెట్టడం ఒక్కసారిగా మీద పడుతుంది, అదే ఖాళీ హాల్లో కూర్చుని ఉంటే జనం మెల్లగా వస్తారు, మీకు సర్దుకునే టైము ఉంటుంది, నచ్చిన కుర్చీ కూడా దొరుకుతుంది. బయటికి దారి ఎటో, కాసేపు ఒంటరిగా నిలబడే చోటు ఎక్కడుందో ముందే చూసి పెట్టుకోండి. ఎప్పుడు వెళ్లిపోతారో కూడా వెళ్లగానే చెప్పేయండి, అప్పుడు లేచేటప్పుడు ఎవరూ చెయ్యి పట్టుకుని ఆపరు.

చెవుల సంగతి. నాయిస్ క్యాన్సిలింగ్ హెడ్‌ఫోన్లు ఏసీ, ఇంజిన్ లాంటి ఎడతెగని హోరుని బాగా తగ్గిస్తాయి, మాటల్ని అంత బాగా ఆపలేవు. మాటల గోలకి మామూలు ఫోమ్ ఇయర్‌ప్లగ్‌లు నయం. మైకులు పెట్టిన చోటైతే ఇవి సుఖం కోసమే కాదు, చెవులు కాపాడుకోవడానికి కూడా: 85 డెసిబెల్స్ దగ్గర 8 గంటల వరకు ఉండొచ్చని అమెరికాలో పనిచేసేవాళ్ల ఆరోగ్యం, భద్రత మీద పరిశోధన చేసే నియోష్ సంస్థ చెప్పే పరిమితి, ప్రతి 3 డెసిబెల్స్‌కి ఆ టైము సగమవుతుంది, 100కి చేరితే 15 నిమిషాలే. రోడ్డు మీద మాత్రం చెవులు మూసుకుని నడవకండి.

బయటికి కనిపించని ఇబ్బంది ఉన్నవాళ్లు పొద్దుతిరుగుడు పువ్వుల బొమ్మలున్న ఆకుపచ్చ ట్యాగ్ మెడలో వేసుకునే పద్ధతి 2016లో లండన్ గాట్విక్ ఎయిర్‌పోర్టులో మొదలైంది, ఇప్పుడు చాలా దేశాల ఎయిర్‌పోర్టుల్లో సిబ్బందికి దాని అర్థం తెలుసు. ప్రయాణం ఉంటే ఆ ఎయిర్‌పోర్టులో ఉందేమో ముందే కనుక్కోండి.

పెద్ద గుంపుల్లో ఇంకో విషయం చూసుకోవాలి. ఒక చదరపు మీటరులో నలుగురైదుగురు దాటారంటే అది అసౌకర్యం స్థాయి దాటి ప్రమాదంలోకి వెళ్తోందని అర్థం. మీ చేతులు మొహం దాకా ఎత్తడం కష్టమవుతున్నా, మీరు నడవకుండానే గుంపు మిమ్మల్ని కదుపుతున్నా, ఇంకా ముందుకెళ్లకండి. చేతులు రొమ్ముకి అడ్డం పెట్టుకుని, తోపుకి ఎదురు నెట్టకుండా, అది కాస్త సడలినప్పుడల్లా ఏటవాలుగా పక్కకి జరుగుతూ బయటపడండి.

ఇదంతా చదివాక మిమ్మల్ని మీరు ఒక ప్రశ్న వేసుకోండి: ఖాళీ వేళ దొరికితే మీరు సంతోషంగా బయల్దేరుతారా? బయల్దేరితే ఇది మీ ఇష్టం, మీ తీరు, ఎవరికీ సంజాయిషీ ఇవ్వక్కర్లేదు. అలా కాకుండా ఖాళీ రోడ్డు మీదికి వెళ్లాలన్నా గుండె దడ, చెమటలు, ఊపిరాడనట్టు ఉండటం, నెల నెలకీ వెళ్లగలిగే చోట్లు తగ్గిపోవడం జరుగుతుంటే, పైన చెప్పినవన్నీ మీకు మేలు చేయకపోగా భయాన్ని ముదిరేలా చేయొచ్చు. తప్పించుకున్న ప్రతిసారీ భయం ఇంకాస్త బలపడుతుంది. దానికి మంచి చికిత్స ఉంది, డాక్టర్ లేదా సైకాలజిస్ట్ సాయంతో కొంచెం కొంచెంగా బయటికి వెళ్తూ భయం తగ్గించే పద్ధతి చాలామందికి పనిచేస్తుంది. దయచేసి దాన్ని వాయిదా వేయకండి.

ఇంట్లోవాళ్లతో, స్నేహితులతో ఎలా చెప్పాలన్నది చాలామందికి పెద్ద టెన్షన్. "నాకు రద్దీ పడదు, నేను రాను" అంటే వాళ్లకి తమనే కాదన్నట్టు వినిపిస్తుంది. "వస్తాను, ఏడింటికి బదులు ఐదింటికి కలుద్దామా?" అనండి. కారణం పెద్దగా వివరించనవసరం లేదు. అలా రెండు మూడు సార్లు వెళ్లొచ్చాక, నింపాదిగా మాట్లాడుకోవడం వాళ్లకీ నచ్చి వాళ్లే ఆ టైము అడగడం మొదలుపెడతారు.

ఉద్యోగం వల్ల వారం మధ్యలో పగలు కుదరని వాళ్లకి మిగిలేవి రెండు వేళలు: ఆదివారం తలుపులు తీయగానే, లేదా పనిదినాన అందరూ రాత్రి భోజనానికి కూర్చునే టైములో. ఎప్పుడైనా సగం రోజు సెలవు దొరికితే దాన్ని బ్యాంకు పనికో బిల్లు కట్టడానికో వాడేయకండి. అలాంటివి ఫోన్‌లో అయిపోతాయి, కాకపోతే ఒకరోజు ఆఫీసుకి గంట ఆలస్యంగా వెళ్లేలా అడిగి ముగించుకోండి. ఆ సగం రోజు మాత్రం జనం వల్ల మీరు వెళ్లడం మానేసిన చోటు ఏదైతే ఉందో, లైబ్రరీయో, చెరువు గట్టో, పుస్తకాల షాపో, దాని కోసం ఉంచుకోండి.