మ్యూజియం నాణేల పరిశోధన – మూడో పాఠం: ఊరు పట్టుకోవడం

కిందటి రెండు పాఠాల్లో నాణేన్ని తూచడం, బొమ్మా బొరుసూ ఫోటో తీయడం చూశాం. ఈసారి నాణెం జోలికి పోకుండా, అది ఏ ఊళ్లో దొరికిందో పట్టుకోవడానికి మ్యూజియం రిజిస్టరు తెరుద్దాం.

మ్యూజియంలో చేరిన ప్రతి వస్తువుకూ ఒక నంబరు, ఎక్కడ దొరికింది, ఎవరి ద్వారా వచ్చింది అన్న వివరాలు రాసిపెట్టాలి. అద్దాల బీరువాలో కనిపించే చీటీ దానికి కుదింపు మాత్రమే. మ్యూజియం వస్తువుల బాధ్యత చూసే క్యూరేటర్‌కు అర్జీ పెట్టేటప్పుడు "పాత నాణేలు చూడాలి" అని రాస్తే పని నడవదు. ఫలానా నంబరు వివరాలు కావాలని అడగండి.

మన నెల్లూరు, ప్రకాశం జిల్లాల వాళ్లకు అసలు చిక్కు, ఊరిని ఏ జిల్లా కింద వెతకాలన్న దగ్గరే. ఒంగోలు 1904 దాకా నెల్లూరు జిల్లాలో ఉండేది. ఆ ఏడాది గుంటూరు జిల్లా ఏర్పడితే అందులోకి పోయింది. 1970లో ఒంగోలు జిల్లా పుట్టింది, 1972లో దానికి ప్రకాశం పేరు వచ్చింది. కందుకూరు, కనిగిరి, దర్శి, పొదిలి నెల్లూరు నుంచి, మార్కాపురం, గిద్దలూరు కర్నూలు నుంచి వచ్చి కలిశాయి. అంటే ఒంగోలు పొలంలో 1890లో లంకెబిందె బయటపడి ఉంటే నెల్లూరు కింద, 1920లో అయితే గుంటూరు కింద వెతకాలి. పాత రిజిస్టర్లో "ప్రకాశం" కోసం వెతికితే కళ్లు నొప్పులు తప్ప ఏమీ మిగలదు. 1953కు ముందువాటి కోసం చెన్నై ఎగ్మూరు మ్యూజియం కూడా చూడక తప్పదు, అప్పటిదాకా మనది మద్రాసు రాష్ట్రమే కదా.

1878 నాటి నిధుల చట్టం ప్రకారం పది రూపాయల విలువ దాటిన నిధి దొరికితే కలెక్టరుకు తెలియజేయాలి. అందుకే రిజిస్టర్లో కలెక్టరు ఉత్తరం ప్రస్తావన కనిపిస్తే వదలొద్దు. ఊరు, సర్వే నంబరు అలాంటి ఉత్తరాల్లోనే దొరకొచ్చు.

ఈ చట్టం రాకముందు ఏం జరిగేదో నెల్లూరు కథే చెబుతుంది. 1780లలో నెల్లూరు దగ్గర ఒక రైతు నాగలికి ఇటుకల కట్టడం తగిలింది. తవ్వితే పాడుబడిన చిన్న గుడి, దాని కింద కుండలో రోమన్ బంగారు నాణేలు. పాత బంగారం లెక్కన అమ్మేశాడు. చాలావరకు కరిగిపోయాయి, ముప్పైకి పైగా మాత్రం ఆర్కాటు నవాబు కొడుకు చేతికి చిక్కాయి. వాటి మీద రోమన్ చక్రవర్తులు ట్రాజన్, హేడ్రియన్, రాణి ఫాస్టినా పేర్లున్నాయి. ట్రాజన్‌వి కొన్ని కొత్తవాటిలా మెరిశాయి, మరికొన్ని అరిగి, చిల్లులు పడి ఉన్నాయి. చిల్లున్న నాణెం "పాడైనది" అని రాసేయకండి. కాసులపేరు తెలిసిన మనకు ఆ చిల్లు అర్థం కాకపోతే ఎలా? అది ఎవరి మెడలోనో ఉండేదని చెప్పే సాక్ష్యం.

చేతిలో ఉన్నది నాణెం కాక మెడల్ అయితే దారి వేరు, అక్కడ ముందు అంచు చూడాలి. మొదటి ప్రపంచ యుద్ధంలో పనిచేసినవాళ్లకు ఇచ్చిన బ్రిటిష్ వార్ మెడల్ తీసుకోండి: ఒకవైపు అయిదో జార్జి తల, రెండోవైపు గుర్రం మీద మనిషి. లక్షల్లో అచ్చువేశారు కాబట్టి ముఖం చూస్తే అన్నీ ఒకటే. అంచు చుట్టూ మాత్రం సైనికుడి నంబరు, హోదా, పేరు, దళం చిన్న అక్షరాల్లో ఉంటాయి. వెండిది మామూలు. కంచుది కనిపిస్తే ఆగి చూడండి, అది లేబర్ కోర్ లాంటి దళాల్లో కూలిపని చేసినవాళ్లకు ఇచ్చినది.

ఇంటిపని: మీ ఊరు 1890, 1930, 1975లలో ఏ జిల్లాలో, ఏ తాలూకాలో ఉందో రాయండి. ఊరి పేరుకు ఇంగ్లిషులో వాడిన పాత స్పెల్లింగులన్నీ పక్కన చేర్చండి. నాలుగో పాఠానికి ఈ కాగితం కావాలి.