సుఖవ్యాధుల పరీక్షలు ఎప్పుడు, ఎక్కడ, ఎలా చేయించుకోవాలి?

సుఖవ్యాధి సోకిందో లేదో ఒంటిని చూసుకొని తేల్చుకోవడం సాధ్యం కాదు. సవాయి అని పెద్దలు పిలిచే సిఫిలిస్ మొదట నొప్పిలేని పుండుగా కనిపించి, మందు వాడినా వాడకపోయినా కొన్ని వారాల్లో మానిపోతుంది. దాంతో రోగమే పోయిందని సంతోషించినవారిలో కొందరికి ఏళ్ల తరువాత అది గుండెనో మెదడునో దెబ్బతీస్తుంది. క్లమీడియా సోకిన స్త్రీలలో చాలామందికి ఏ లక్షణమూ ఉండదు, కానీ అది గర్భనాళాలకు పాకితే సంతానలేమికి దారితీయవచ్చు.

మొదట చేయవలసినది రోజులు లెక్కపెట్టుకోవడం. కలయిక జరిగిన మర్నాడే రక్తం ఇస్తే వచ్చే ‘నెగెటివ్’ ఫలితాన్ని నమ్మడానికి లేదు. సెగవ్యాధి (గనేరియా), క్లమీడియా సుమారు రెండు వారాలకు పరీక్షలో తెలుస్తాయి. సిఫిలిస్ రక్తపరీక్షకు మూడు నుంచి ఆరు వారాలు పట్టవచ్చు, అనుమానం మిగిలితే మూడు నెలలకు మళ్లీ చేయించాలి. హెచ్‌ఐవీకి ప్రయోగశాలలో చేసే నాలుగో తరం పరీక్ష (వైరస్ భాగాన్నీ, దానికి విరుగుడుగా ఒంట్లో పుట్టే ప్రతిరక్షకాలనూ వెతికేది) 45 రోజులకు దాదాపు నమ్మదగినది; వేలి రక్తంతో చేసే పరీక్షకైతే 90 రోజులు ఆగాలి. అయితే పుండు, చీము, మూత్రంలో మంట, పొత్తికడుపు నొప్పి ఉంటే ఈ లెక్కలేవీ వద్దు, ఆ రోజే వెళ్లాలి. హెచ్‌ఐవీ సోకే ప్రమాదం జరిగిందని భయముంటే 72 గంటలలోపు, వీలైతే మొదటి కొన్ని గంటల్లోనే, వైద్యుణ్ణి కలవాలి. 28 రోజుల నివారణ మందులు ఆ గడువు దాటాక ఇవ్వరు.

విశాఖపట్నంలో ఇందుకు కింగ్ జార్జ్ ఆసుపత్రి ఉంది. చర్మ, సుఖవ్యాధుల విభాగం ఓపీ చీటీ తీసుకొంటే చాలు. హెచ్‌ఐవీ పరీక్షను ఐసీటీసీ అనే ప్రభుత్వ సలహా, పరీక్షా కేంద్రాల్లో ఉచితంగా చేస్తారు. దగ్గరి కేంద్రం తెలియకపోతే 1097కు ఫోన్ చేయవచ్చు, ఈ కాల్‌కు డబ్బు పడదు. 2017 నాటి హెచ్‌ఐవీ చట్టం ప్రకారం సాధారణంగా మీ అంగీకారం లేకుండా హెచ్‌ఐవీ పరీక్ష చేయకూడదు, ఫలితాన్ని బయటపెట్టకూడదు. గోడల మీద ‘రహస్య రోగాలు’ అని రాసుకొనే వారి దగ్గరికి వెళ్లడంకన్నా ఈ వరుసలో నిలబడడమే మేలు.

వైద్యుని ముందు సిగ్గుపడి సగం చెప్పడమే చాలామంది చేసే పొరపాటు. నోటి ద్వారానో మలద్వారం ద్వారానో కలయిక జరిగి ఉంటే ఆ మాట చెప్పాలి, ఎందుకంటే అక్కడి నమూనా తీయకపోతే మూత్రపరీక్షలో ఆ వ్యాధి దొరకకపోవచ్చు. మూత్రం ఇవ్వవలసివస్తే అంతకు ముందు కనీసం గంటసేపు మూత్రవిసర్జన చేయకుండా, మొదట వచ్చే ధారనే సీసాలో పట్టాలి. మందుల దుకాణంలో కొన్న యాంటీబయాటిక్ వాడి ఉంటే దాని పేరూ చెప్పాలి, అది ఫలితాన్ని తారుమారు చేయగలదు.

పాజిటివ్ వస్తే కంగారు పడనక్కరలేదు. తొలిదశ సిఫిలిస్‌కు సాధారణంగా ఒక్క పెన్సిలిన్ ఇంజెక్షన్ మోతాదు సరిపోతుంది, సెగవ్యాధికీ క్లమీడియాకూ నయం చేసే మందులున్నాయి, హెచ్‌ఐవీకి జీవితాంతం వాడే మందులు ఏఆర్‌టీ కేంద్రంలో ఉచితం. భాగస్వామికి కూడా పరీక్ష, చికిత్స జరగాలి. లేకపోతే నయమైన రోగమే తిరిగి ఇంటికి వస్తుంది. ఇద్దరి చికిత్సా పూర్తయ్యాక కనీసం వారం రోజులు కలయికకు దూరంగా ఉండి, మళ్లీ పరీక్షకు ఎప్పుడు రావాలో అడిగి చీటీ మీద రాయించుకోవాలి.