పశువు నుంచి ఫీజు దాకా: మూల జర్మానిక్ మాట వేరు పట్టడం ఎలా?

నారాయణవలస సంతలో బేరమాడే పశువుకీ శ్రీకాకుళం కాలేజీలో కట్టే ఫీజుకీ చుట్టరికం ఉంది. అది తేల్చడానికి ఒక నోటుపుస్తకం, కాస్త ఓపిక చాలు. మూల జర్మానిక్, అంటే ఇంగ్లీషు, జర్మన్, డచ్ లాంటి భాషల తల్లి. అందులోని *ఫెహు అనే మాటతో మొదలుపెట్టండి. ముందున్న నక్షత్రం గుర్తుకు అర్థం, ఆ రూపం ఏ రాతలోనూ దొరకలేదని, పిల్ల భాషల్ని పోల్చి కట్టారని.

ముందు సాక్ష్యాలు, పాతవి పైన. 4వ శతాబ్దంలో బైబిలు అనువాదమైన, ఇప్పుడు అంతరించిన గోథిక్ భాషలో ఫెహు అంటే డబ్బు, సొత్తు. పాత ఇంగ్లీషు ఫెయోహ్: పశువులు, ఆస్తి. పాత నార్స్ (స్కాండినేవియా పాత భాష) ఫే కూడా అంతే. పాత హై జర్మన్ (ఇప్పటి జర్మన్‌కి పాత రూపం) ఫిహు. ఇప్పటి జర్మన్ ఫీ, డచ్ వే పశువులే. ప్రతి మాట పక్కనా అర్థం రాయడం మరవద్దు. పశువుల మందే ఆస్తి అయిన కాలం ఆ అర్థాల వరుసలోనే బయటపడుతుంది.

ఫిహులో ఇ ఎందుకొచ్చింది? వెనకున్న ఉ-కారం లాగింది, మన ‘కత్తి’ ‘కత్తులు’ అయినట్టే. అందుకే మూలానికి ఎ-కారమే పెడతాం.

ఇప్పుడు సంస్కృత పశు, అదే అర్థమున్న లాటిన్ పెకు *ఫెహు పక్కన రాయండి. సంస్కృతం, లాటిన్, జర్మానిక్ మూడూ ఇంకా పాత తల్లి భాష, మూల ఇండో-యూరోపియన్, బిడ్డలే. ఆ తల్లి భాషలోని పాత ప జర్మానిక్‌లో ఫ, పాత క హ అవుతాయి. జర్మన్ పండితుడు గ్రిమ్ 1822లో ప్రకటించిన నియమమిది. ఈ మాటలోని పాత క నాలుక అంగిలికి తగిలేలా పలికే తాలవ్య క-కారం, సంస్కృతంలో అది శ అయింది. ఒక్క జతతో నమ్మొద్దు: పాద–ఫుట్, పితృ–ఫాదర్, శత–హండ్రెడ్, శ్వన్–హౌండ్ కూడా సరిపోవాలి. *ఫెహులో హ నిలిచిందంటే ఆ పాత తల్లి భాషలో ఊనిక (నొక్కి పలకడం) మొదటి అక్షరం మీద ఉందన్నమాట. రెండోదానిమీద ఉంటే, ఊనికను బట్టి హల్లు మారుతుందనే వెర్నర్ నియమం ప్రకారం గ వచ్చేది.

తప్పులు జరిగేది పోలిక చూసి మురిసిపోయినప్పుడే. జర్మన్ హాబెన్, లాటిన్ హబేరే రెండూ ‘కలిగి ఉండు’, అయినా బంధువులు కావు. జర్మానిక్ హ పాత క నుంచి రావాలి కాబట్టి హాబెన్‌కి అసలు జోడీ లాటిన్ కపెరె, ‘పట్టుకొను’.

ఫీజు దగ్గరా జాగ్రత్త. ఇంగ్లీషు ఫీ నేరుగా ఫెయోహ్ బిడ్డ కాదు. ఫ్రెంచి మీదుగా తిరిగొచ్చింది, ఆ ఫ్రెంచి మాటకు వేరు ఫ్రాంకుల జర్మానిక్ అని ఎక్కువమంది అంటారు. తెలుగు పశువు తత్సమం, అంటే సంస్కృతం నుంచి ఎరువు తెచ్చుకున్న మాట. సాక్ష్యాల వరుసలో సంస్కృతాన్నే రాయాలి.

ఇదే పద్ధతిని మన మాటల మీద పెట్టాలనుకుంటే కువి, కొండ భాషల్ని తెలుగు పక్కన రాయండి, అవి ద్రావిడాలే. మందస, మెళియాపుట్టి వైపు వినిపించే సవరను మాత్రం ఆ పట్టికలో కలపకండి. అది ద్రావిడం కాని వేరే కుటుంబానికి, ముండాకి, చెందిన భాష. తెలుగుతో కలిసే మాటలు చాలావరకు ఇచ్చిపుచ్చుకున్నవే.